చక్రమునకు పట్టు: ఇనుపకట్టు నుండి బీడ్‌లాకు వరకు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చక్రము. పంతులు చక్రమన్నాడు గనుక సుదర్శనమును గూర్చి చెప్పబోవుచున్నాడని తలపవలదు. మన బండికి, ట్రాక్టరుకు, జీపుకు నుండు చక్రమును గూర్చియే చెప్పబూనితిని. అందులోను చక్రమంతటిని గూర్చి గాదు. చక్రపు అంచును గూర్చియు, ఆ యంచున కట్టు నిలిచియుండు విధమును గూర్చియు మాత్రమే.

ఇంత చిన్న విషయమునకు ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. నేడు మన వేల్పూరులోను, ఆర్మూరు బోధను ప్రాంతములందును వెల్డింగు దుకాణములు లేని పెద్ద ఊరు లేదు. అచ్చట మన పిల్లలు చక్రపు అంచులను కోయుచున్నారు, అతుకుచున్నారు, మార్చుచున్నారు. ఈ పనిలో తెలివి యెంత గలదో ప్రమాదమును అంతయే గలదు. పని చేయువారు యువకులు. ఆ పనికి సొమ్మిచ్చువారు, వలదనగలవారు పెద్దలు. కావుననే ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

అమరకోశము చదివినవారికి చక్రాంగముల పేర్లు క్రొత్తవి కావు. నడుమ నుండునది నాభి. దాని నుండి నలుదెసలకు బోవు కొయ్యలు అరములు. వానిని చుట్టివచ్చు వలయము నేమి. దానికే ప్రధి యని మరియొక పేరు. తెలుగున మనము అరములను ఆకులందుము, అక్షమును ఇరుసందుము. వడ్రంగి ఆకులను నాభిలో దిగగొట్టి, వాని చివరలకు వంపు కొయ్యలను కూర్చి వలయమును పూర్తిచేయును. కాని యెంత నేర్పరి చేసినదైనను, ఉత్త కొయ్యచక్రము మన రాళ్లబాటలలో చిరకాలము నిలువదు. అంచు చీలును, కీళ్లు సడలును. దానిని బిగించి పట్టువాడు కమ్మరి.

కమ్మరి ఇనుపకట్టు వేయుట మీలో పలువురు కన్నులార చూచియే యుందురు. అతడు ముందుగా కొయ్యచక్రపు చుట్టుకొలతను కొలుచును. అంతకంటె కొంచెము తక్కువ పొడవుగల ఇనుపపట్టీని వలయముగా వంచి చివరలు అతుకును. చల్లగా నున్నపుడు ఆ వలయము చక్రమునకు ఎక్కదు. పిడకలు గుండ్రముగా పేర్చి, వాని నడుమ నుంచి కాల్చగా అది పెరుగును. ఎఱ్ఱనైన ఆ కట్టును పట్టుకారులతో ఎత్తి చక్రము మీద వేసి, సమ్మెటలతో సరిచేసి, వెంటనే నీళ్లు పోయుదురు. అపుడు ఇనుము ముడుచుకొనును. కొయ్య కిఱ్ఱుమనును. ఆకులు నాభిలోనికి, నాభి ఆకులలోనికి బిగిసి చక్రమంతయు ఒక్క ముద్దయగును.

ఇందలి లెక్క చాల సులువైనది. అయిదడుగుల వ్యాసముగల చక్రమునకు చుట్టుకొలత 15 అడుగుల 8½ అంగుళములు. ఇనుము ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడిమికి తన పొడవులో పదిలక్షల వంతులలో సుమారు 12 వంతులు పెరుగును. 500 డిగ్రీలు వేడెక్కినచో ఈ కట్టు ఒక అంగుళమునకు పైగా పెరుగునన్నమాట. ఆ యంగుళమే చల్లారునపుడు పట్టుగా మారును. మేకు లేకున్నను, బంక లేకున్నను, ఇనుము ముడుచుకొను బలమే కట్టును చక్రము మీద నిలుపుచున్నది. వేడికి పెరుగుట, చల్లారిన ముడుచుట అను ఈ ధర్మమును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. కొలిమిలో కమ్మరికి మిత్రముగా నున్న ఈ ధర్మమే వెల్డింగు దుకాణములో శత్రువగుటను ముందు చూడగలరు.

మంజీర మీద నిజాంసాగరము 1923లో మొదలై 1931లో ముగిసినది. నీరు వచ్చిన పిమ్మట చెరకు వచ్చినది. చెరకు కొరకు బోధనులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. ఆ కర్మాగారము 2015లో మూతపడినను, చెరకు బండ్ల బారులు పెద్దవారి మనసులలో నేటికిని నిలిచియేయున్నవి. నల్లరేగడిలో బరువైన బండికి ఇనుపకట్టు కత్తివలె దిగును. గట్టి బాట మీద అదియే బాటను కోయును. కట్టు సన్ననిది, గట్టిది. నేలను తాకుచోటు బొటనవ్రేలంత. ఈ చిక్కునకు మందుగా వచ్చినది రబ్బరు టైరు. మన ప్రాంతమున దాని బండిని డన్‌లప్ బండి యనుటయు, టైరు బండి యనుటయు మీరెఱిగినదే.

రబ్బరును గంధకముతో కాచి, ఎండకు జిగురుగాక, చలికి పెళుసుగాక నిలుచునట్లు చేయు పద్ధతిని అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టెను. గాలి నింపిన టైరునకు 1845లో రాబర్టు విలియం థామ్సను పేటెంటు పొందెను గాని, అది లోకమున ప్రచారమునకు రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కొరకు గాలిటైరును మరల కల్పించెను. అది మొదలు వ్యాప్తి యాగలేదు.

కాని అపుడొక క్రొత్త ప్రశ్న పుట్టినది. ఇనుపకట్టు ముడుచుకొని చక్రమును పట్టుకొనును. మెత్తని రబ్బరు దేనిని పట్టుకొనును? మొదట దానిని బంకతోను, గుడ్డపట్టీలతోను అంటించిరి. 1890లో చార్లెస్ కింగ్‌స్టను వెల్చి యను నతడు టైరు రెండంచులందును సాగని ఇనుపతీగను పొదిగెను. ఆ తీగ గల అంచునే ఆంగ్లమున బీడు అందురు. మన తెలుగులో బీడనగా దున్నని నేల. బీడనగా పోతయినుము గూడ. ఈ మూడవ బీడు ఆంగ్లము నుండి వచ్చినది. వారి భాషలో దానికి పూస యని యర్థము. పేరొక్కటైనను వీనికి చుట్టరికము లేదు.

ఈ తీగవలయము సాగదు, ముడువదు. టైరులో గాలి నిండినపుడు ఆ గాలి టైరు ప్రక్కలను వెలుపలికి త్రోయును. త్రోయగా బీడు రిమ్ము అంచునకు గట్టిగా ఆనుకొని కూర్చుండును. అనగా రబ్బరు టైరును చక్రమున నిలుపునది ముఖ్యముగా గాలియే. కమ్మరి కట్టునకు పట్టు ఇనుము ముడుపు; రబ్బరు టైరునకు పట్టు గాలి త్రోపు. గాలి యున్నంతవఱకే పట్టు. మన ఊళ్లలో గాలిని పాయింట్లతో చెప్పుదురు. 30 పాయింట్లనగా ప్రతి చదరపు అంగుళము మీదను 30 పౌండ్ల త్రోపు అని గ్రహింపవలెను.

ఇక జీపులకు వత్తును. మన యువకులు కొందరు పాత జీపులను కొని, గోదావరి ఇసుకలలోను, చెరువు శిఖములలోను, గుట్టబాటలలోను నడుపుటయందు వేడుక గలవారు. పొలము పనులకును అట్టి బాటలలో జీపు పోవలసి వచ్చును. ఇసుకలోను బురదలోను చక్రము దిగబడకుండుటకు మొదటి ఉపాయము గాలి తగ్గించుట. ఇందుకును లెక్క గలదు. జీపు మనుషులతో కూడ 1600 కిలోలనుకొనుడు. ఒక్కొక్క చక్రము మీద 400 కిలోలు పడును. 28 పాయింట్ల గాలి యనగా చదరపు సెంటిమీటరునకు సుమారు 2 కిలోలు. అపుడు టైరు నేలను తాకుచోటు దాదాపు 200 చదరపు సెంటిమీటర్లు. గాలిని 14 పాయింట్లకు దించినచో ఆ చోటు 400 అగును; 7 పాయింట్లకు దించినచో 800కు చేరును. టైరు ప్రక్కల బిఱుసు వలన ఈ లెక్క కొంత మారును గాని, దారి యిదియే. వెడల్పాటి పాదముగల ఒంటె ఇసుకలో నడుచుటయు, సన్నని డెక్కగల గుఱ్ఱము దిగబడుటయు ఈ న్యాయము చేతనే.

అయితే ఇచ్చటనే చిక్కు. టైరును రిమ్మునకు పట్టియుంచునది గాలి యని చెప్పితిని. దిగబడకుండుటకు గాలి తీసివేసినచో పట్టు కూడ సడలినట్లే. మలుపు తిప్పునపుడు నేల టైరును ప్రక్కకు లాగును. బీడు రిమ్ము అంచును విడిచి లోనికి జారును. ఆ సందులో ఇసుక చేరును. ఉన్న గాలియు పోవును. ట్యూబు గల టైరైనచో రిమ్ము లోపల తిరుగును గాని టైరు తిరుగదు. ట్యూబు వాల్వు తెగిపోవును. కావున గాలి సహాయము లేకయే బీడును పట్టియుంచు మరియొక సాధనము కావలసి వచ్చినది. దానినే బీడ్‌లాకు అందురు.

రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యపు జీపులకు రెండు ముక్కలుగా విడివడు రిమ్ములను కొన్నిటికి అమర్చిరి. ఆ ముక్కలను బోల్టులతో బిగించి, లోపల ఇనుపవలయము నుంచి, గుండు తగిలి గాలిపోయినను టైరు ఊడకుండునట్లు చేసిరి. నేడు ఇసుకబాటల జీపులకు వాడు బీడ్‌లాకు రూపము వేరు. రిమ్ము వెలుపలి అంచునకు ఒక ఇనుపవలయమును అతుకుదురు. టైరు వెలుపలి బీడును ఆ వలయము మీద నుంచి, దానిపై మరియొక వలయమును పెట్టి బోల్టులతో బిగింతురు. రొట్టె ముక్కల నడుమ కూరవలె బీడు రెండు వలయముల నడుమ నొక్కబడును. లోపలి బీడు మాత్రము ఎప్పటివలెనే రిమ్ములో కూర్చుండును.

నా యొద్ద పూర్వము చదివినవాడొకడు, ఇపుడు వెల్డింగు పనిచేయుచున్నవాడు, "సారూ, ఇట్టిది మన దుకాణంలో చేయవచ్చునా?" అని నన్నడిగెను. చేయుట యెట్లో చెప్పగలవారు పలువురుందురు. చెడుట యెట్లో తెలిసినగాని చేయరాదని నేనంటిని. అతనికి చెప్పిన క్రమమునే మీకును చెప్పెదను.

మొదట టైరును రిమ్ము నుండి పూర్తిగా వేరుచేయవలెను. ఈ మాటను కడపట మరల చెప్పుదును, పనికి ప్రాణమదియే. పిదప రిమ్మును పరీక్షింపవలెను. అల్లాయి రిమ్ములు ఈ పనికి కూడవు. మెత్తని ఉక్కు రిమ్ము మాత్రమే తగును. పగులున్నను, తుప్పు తిన్నను దానిని విడువవలెను. ఇరుసున కెక్కించి త్రిప్పి, ప్రక్కన నొక పుల్లను నిలిపి చూచిన రిమ్ము వంకర తెలియును. వంకర రిమ్మునకు ఎంత మంచి వలయము నతికినను వంకర పోదు.

వలయములకు 6 మిల్లీమీటర్ల మందముగల రేకు చాలును. కత్తెరపనితో కోసినది గాక, లేతు మీద త్రిప్పినది గావలెను. రంధ్రములు రెండు వలయములందును సరిగా కలియవలెను. కావున రెంటిని కలిపి బిగించి ఒక్కసారిగా తొలువవలెను. అతుకుచోట రంగు, తుప్పు, నూనె లేకుండ తెల్లని లోహము కనబడువఱకు గీకవలెను.

ఇపుడు ఇందాక చెప్పిన ధర్మము వచ్చును. వెల్డింగు నిప్పు తగిలినచోట ఇనుము కరగి, చల్లారి, ముడుచుకొనును. కమ్మరి కట్టు చుట్టంతయు ఒక్కసారి వేడెక్కి ఒక్కసారి ముడుచుకొనును గనుక చక్రము గుండ్రముగానే బిగియును. వెల్డరు ఒకచోట మొదలుపెట్టి చుట్టును ఆగక అతుకుకొని పోయినచో ముందతికిన భాగము ముందు ముడిచి వలయమును తనవైపు లాగికొనును. పని ముగియునప్పటికి వలయము అప్పడమువలె వంకరపోవును. దీనికి ప్రతిక్రియ యేమనగా, మొదట ఎదురెదురు చోట్ల నాలుగు చుక్కలు వేసి కొలిచి చూడవలెను. పిదప ఒకవైపు రెండంగుళములు అతికి, వెంటనే దానికి నేరెదుట రెండంగుళములు అతికి, అటుపై అడ్డముగా రెండువైపుల అతికి, నడుమ నడుమ చల్లారనిచ్చుచు పూర్తిచేయవలెను. నీళ్లు చల్లి తొందరగా చల్లార్చరాదు. కమ్మరికి చెల్లిన ఆ పని అతుకును పెళుసుచేయును.

వెల్డింగు రాడ్డుల మీద అంకెలుండును. 6013 అను రాడ్డు మన దుకాణములలో సాధారణము. 7018 అనునది బలమైన పనులకు వాడునది. మొదటి రెండంకెలు అతుకు బలమును చెప్పును: 70 అన్నచో చదరపు అంగుళమునకు 70 వేల పౌండ్ల లాగుడును ఓర్చును. కాని 7018 రాడ్డు చెమ్మ తగిలినచో పనికిరాదు. చెమ్మలోని జలజనవాయువు అతుకులో చేరి, పైకి కనబడని పగులును పుట్టించును. వానకాలమందు పెట్టె విప్పి పడవేసిన రాడ్డులతో చక్రమును అతుకుట తెలివిగల పని గాదు.

బోల్టుల తలమీదను అంకెలుండును. 8.8 అని యున్న బోల్టు చదరపు మిల్లీమీటరునకు సుమారు 80 కిలోల లాగుడు ఓర్చును. అందులో పదింట ఎనిమిది వంతుల వఱకు సాగిపోక తన రూపమును నిలుపుకొనును. అంకె లేని బోల్టు ఈ పనికి కూడదు. 16 అంగుళముల జీపు రిమ్మునకు 24 బోల్టులు వేసి, 30 పాయింట్ల గాలి పట్టితిమనుకొనుడు. టైరు ప్రక్క వెలుపలి వలయమును సుమారు మూడున్నర టన్నుల బలముతో త్రోయును. ఒక్కొక్క బోల్టునకు వచ్చునది నూటనలువది, నూటయేబది కిలోలే. అది పెద్దది గాదు. కాని నాలుగు బోల్టులు సడలినచో వాని భారము ప్రక్కవాని మీద పడును, అవి సడలిన మరియొక ప్రక్కవాని మీద పడును. కావున బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, రెండు మూడు చుట్లుగా బిగింపవలెను. కొంతదూరము నడిపి మరల బిగింపవలెను. ప్రతి ప్రయాణమునకు ముందు చేయి పెట్టి చూడవలెను. గాలి యుండగా ఒక్క బోల్టునైనను విప్పరాదు.

వలయముల నడుమ సందు బీడు మందమునకు సరిపడ నుండవలెను. సందు ఎక్కువైనచో బీడు జారును. తక్కువైనచో బిగించుకొలది వెలుపలి వలయము కంచమువలె వంగి బోల్టులను లాగివేయును. చివరకు గాలి కొంచెము పట్టి, అతుకు మీద సబ్బునీరు రాచి చూడవలెను. బుడగలు వచ్చినచో అతుకు పూర్తి గాలేదని యర్థము. రెండు వలయములు బోల్టులతో కలిసి ఒక్కొక్క చక్రమునకు అయిదారు కిలోల బరువును చేర్చును. ఆ బరువు ఏ కొంచెము ప్రక్కకున్నను వేగమున చక్రము వణకును. ఇన్ని కారణములచే ఇంట చేసిన బీడ్‌లాకు, ఎంత బాగుగా చేసినదైనను, ఇసుకలోను బురదలోను మెల్లగా నడచుటకే గాని రహదారి వేగమునకు గాదు.

చట్టము మాటయు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ విభాగము వాహనమును తయారుచేసినవారి వివరములకు భిన్నముగా మార్చరాదని చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు ఈ విభాగమును గట్టిగా సమర్థించినది. కావున వేడుక కొరకు చేసిన చక్రముతో నిజామాబాదు బాట నెక్కుట తగదు. గాలిని పదునాలుగు, పదునైదు పాయింట్ల వఱకే దించి మెల్లగా నడపినచో మామూలు చక్రములే చాలవఱకు ఓర్చును. బాట కెక్కుముందు మరల గాలి పట్టుటకు చిన్న పంపు వెంట నుంచుకొనిన చాలును. నూటికి తొంబది పనులకు ఈ పంపే బీడ్‌లాకు.

జీపులు కొందరివే, ట్రాక్టర్లు అందరివి. మన ఊళ్లలో చక్రమునకు జరుగు వెల్డింగులో హెచ్చుభాగము కేజీవీల్సు పని. కరిగెట్టు దున్నునపుడు రబ్బరు టైరు బురదను పట్టలేక జారును. ఇనుప వలయములకు అడ్డముగా పట్టీలను అతికిన కేజీవీలు బురదను త్రొక్కుకొని క్రింది గట్టినేలను పట్టును. ఇదియు చక్రమునకు పట్టు కల్పించుటయే. బీడ్‌లాకు టైరునకు రిమ్ముతో పట్టు కల్పించును, కేజీవీలు చక్రమునకు నేలతో పట్టు కల్పించును. పొలములో ఇది ఉపకారి. అదే చక్రముతో తారుబాట మీదికి వచ్చినచో ప్రతి పట్టీయు ఉలివలె బాటను చెక్కును. అధికారులు వలదనుచున్నను, ఒక పొలము నుండి మరియొక పొలమునకు పోవు తొందరలో పలువురు పాటింపరు. ఊరిబాట ఊరిసొమ్ము, పెద్దలు చెప్పిన గాని ఇది మానదు.

ఇక కడపట చెప్పుదునన్న మాట. కేజీవీలును తగిలించు కొక్కెములను అతుకుటకో, పగిలిన రిమ్మును పూడ్చుటకో, టైరు విప్పకయే వెల్డింగు చేయించుకొను అలవాటు మన రైతులలో గలదు. టైరు విప్పుట శ్రమ, కూలి యెక్కువ, దుక్కికి ఆలస్యము. కాని రిమ్ము వేడెక్కినపుడు దాని నంటిన రబ్బరు లోలోపల కాలి మండు వాయువులను పుట్టించును. ఆ వాయువులు టైరులోని గాలితో కలియును. వేడి మరికొంత పెరిగినంతనే అవి ఒక్కసారి మండి, టైరు బాంబువలె పగులును. అది వెల్డింగు చేయుచున్నపుడే జరుగవలెనని లేదు. పని ముగించి దీపమార్పిన కొంతసేపటికిని జరుగవచ్చును.

ఇందు మూడు భ్రమలు గలవు. గాలి తీసితిమి గనుక భయములేదని యొకటి. గాలి తీసినను టైరు రిమ్మున కూర్చుండియే యున్నచో లోపల చోటును, గాలియు మిగిలియే యుండును. వాల్వు విప్పితిమి గనుక భయములేదని రెండవది. ఆ సన్నని రంధ్రము పేలుడు వేగమును ఓర్వలేదు. ట్రాక్టరు వెనుక టైరులో నీరున్నది గనుక భయములేదని మూడవది. బరువు కొరకు నీరు నింపినపుడును పైభాగమున గాలి మిగిలియే యుండును. నీరు ఆవిరియై ఒత్తిడిని పెంచును. టైరును రిమ్ము నుండి పూర్తిగా వేరుచేయుట యొక్కటియే మార్గము.

లారీ చక్రములలోను, కొన్ని ట్రాలీలలోను బీడును నిలుపుటకు విడి లాకు రింగు ఉండును. 20 అంగుళముల రిమ్మునకు 100 పాయింట్ల గాలి పట్టినపుడు ఆ రింగు మీద పడు త్రోపు ఇరువది టన్నులకు దగ్గరగా నుండును. ఆ రింగు తుప్పుతిన్నదైనను, సరిగా కూర్చుండనిదైనను, ఎదుట నున్నవానిని బ్రతుకనీయదు. ఈ కారణముచేతనే 1980లో అమెరికా దేశమున కార్మికుల రక్షణకై నియమములు చేసిరి. అట్టి రిమ్ముభాగములకు వేడి తగిలింపరాదనియు, పగిలినవానిని అతికి మరల వాడరాదనియు, గాలి పట్టునపుడు చక్రమును ఇనుపపంజరములో నుంచవలెననియు అందు విధించిరి. మన పంక్చరు దుకాణములలో పంజరము లేకున్నను, పొడవైన గొట్టముతో దూరమున, ప్రక్కగా నిలిచి గాలిపట్టుట మన చేతిలోని పని. రింగునకు ఎదురుగా మాత్రము ఎవ్వరును నిలువరాదు.

ఎవ్వరును అన్నపుడు నేను ముఖ్యముగా పిల్లలను ఉద్దేశించుచున్నాను. 2001లో మన వేల్పూరు మండలము బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడినది. బడిపంతులుగా పనిచేసినవానికి అంతకంటె సంతోషకరమైన వార్త వేరొకటి యుండదు. ఆ పేరును నిలుపుకొనవలెనన్నచో సెలవు దినములలో గూడ పిల్లలను వెల్డింగు దుకాణములలో పట్టుకొనుటకు, గాలి పట్టుటకు నిలుపరాదు. వెల్డింగు వెలుగును నల్లద్దము లేక చూచిన కన్ను ఆ రాత్రి ఇసుక పోసినట్లు మండును. మరల మరల చూచిన కన్నునకు శాశ్వతమైన హానియు కలుగవచ్చును.

పెద్దలారా, మీరు వెల్డింగు నేర్వవలసిన పనిలేదు. చక్రమును పట్టించుకొని దుకాణమునకు పోవునపుడు నాలుగు ప్రశ్నలు వేసిన చాలును. టైరు పూర్తిగా విప్పితివా? రిమ్మున పగులేమైన నున్నదా? బోల్టు తలమీద అంకె యున్నదా? గాలి పట్టునపుడు నీవెక్కడ నిలిచెదవు? ఈ నాలుగింటికి తడుముకొనక బదులు చెప్పినవానికి పని యిండు. చెప్పలేనివానిని కోపింపక, టైరు విప్పుటకు అగు కూలిని మీరే యిచ్చి, విప్పించి, ఎదుట నిలువక ప్రక్కన నిలిచి చేయించుడు. ఆ కూలి కొన్ని రూపాయలు మాత్రమే.

మరియొక ప్రసంగములో ఇరుసును గూర్చియు, దానికి వేయు కందెనను గూర్చియు చెప్పుదును.